ముడసర్లోవకి మడత స్టూలుతో: బెజవాడ నుంచి గోల్ఫ్ చూడటానికి రెండు ప్రయాణాలు

మా నాన్నగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటారు. నేను గుంటూరు బ్రాడీపేటలో. మా ఇద్దరికీ గోల్ఫ్ అంటుకున్న రోజు నాకు బాగా గుర్తుంది: 2021 ఆగస్టు 7, శనివారం. ఆ రోజు సాయంత్రం నీరజ్ చోప్రా బంగారు పతకం గెలిచాడు కాబట్టి దేశమంతా ఆ సాయంత్రాన్నే గుర్తు పెట్టుకుంది. మాకు మాత్రం ఆ పొద్దున్న ముఖ్యం. ఇంకా తెల్లవారకముందే టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ ఆఖరి రౌండు మొదలుపెట్టింది. అప్పటికి ప్రపంచ ర్యాంకుల్లో 200వ స్థానంలో ఉన్న అమ్మాయి పతకం కోసం నెల్లీ కోర్డా, లిడియా కో లాంటి పెద్ద ఆటగాళ్ళతో పోటీ పడుతోంది. మధ్యలో ఉరుముల వల్ల ఆట కాసేపు ఆగింది. నాన్న టిఫిను కూడా తినకుండా టీవీ ముందే కూర్చున్నారు. ఒక్క స్ట్రోకు, అంటే ఒక్క దెబ్బ తేడాతో పతకం పోయి నాలుగో స్థానం దక్కింది. ఆమె గోల్ఫ్ కర్రల బ్యాగు మోసింది వాళ్ళమ్మ. అంతకుముందు 2016లో రియోలో వాళ్ళ నాన్న మోశారట. ఆ మాట విన్నాక నాన్న నావైపు తిరిగి, "ఈ ఆట ఒకసారి దగ్గర్నుంచి చూడాలమ్మాయ్" అన్నారు.

అలా రెండు ప్రయాణాలు చేశాం. ఒకటి హైదరాబాద్ గోల్కొండకి, ఇంకోటి విశాఖపట్నంలోని ముడసర్లోవకి. రెండుచోట్లా చూసింది పీజీటీఐ, అంటే ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా వాళ్ళ టోర్నమెంట్లు. మన వైపు నుంచి ఎవరైనా వెళ్దామనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను. ముఖ్యంగా మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి.

గోల్కొండకి బస్సులో వెళ్ళాం. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్లో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి, మెట్రోలో లక్డీకాపూల్ దాకా, అక్కణ్ణుంచి ఆటోలో మెహదీపట్నం మీదుగా కోట వైపు. బస్సు ఊళ్ళోకి వెళ్ళేదాకా కూర్చోవడం కన్నా ఇదే నయం. మెహదీపట్నంలో గది తీసుకున్నాం, అది మా పొరపాటు. దూరం తక్కువే కానీ కోట దర్వాజాల దగ్గర దారి ఇరుకు, పొద్దున్నే స్కూలు ఆటోలూ పాల బండ్లూ ఎదురొస్తే పావుగంట దారి ముప్పావు గంట అవుతుంది. మళ్ళీ వెళ్తే ఇబ్రహీంబాగ్ వైపు చూస్తాను. అక్కడ తారామతి బారాదరిలో టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది. ఒక రాత్రి భోజనానికి వెళ్ళాం, ఆవరణ ప్రశాంతంగా ఉంది, నాన్నకి నచ్చింది.

గోల్ఫ్ కోర్సు, అంటే ఆట మైదానం, మాత్రం కళ్ళు తిప్పుకోనివ్వదు. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో కోటకి కలిపిన నయా ఖిల్లా అది. బురుజుల మధ్య ఫెయిర్‌వేలనే పచ్చిక దారులు, ఎటు చూసినా బండలు, సాయంత్రం పూట గోడల మీద ఎర్రటి ఎండ. ఆ నయా ఖిల్లాలోనే ఏనుగు ఒళ్ళంత బోదె ఉన్న ఆఫ్రికా బావోబాబ్ చెట్టు ఉంది, హతియాన్ కా ఝాడ్ అంటారు. ఆట చూడటానికి వచ్చి అది చూడకుండా వెళ్ళకండి. కానీ ఎగుడుదిగుడు నేల. పన్నెండో హోల్ (బంతిని గుంతలో వేసేదాకా సాగే ఒక్కో అంచెని హోల్ అంటారు) దాటేసరికి నాన్న కుంటడం మొదలుపెట్టారు. ఆ రోజు మేం సగం ఆటే చూశాం. ఆయన బయటికి ఏమీ అనలేదు కానీ బస్సులో వస్తూ కిటికీలోంచి చూస్తూనే కూర్చున్నారు. అందుకే విశాఖ వెళ్ళేటప్పుడు మొదట కొన్నది మడత స్టూలు. వన్‌టౌన్‌లో దొరికింది, రెండు కిలోలు కూడా లేదు.

విశాఖకి రత్నాచల్‌లో వెళ్ళాం. నేను ముందు రోజు రాత్రే గుంటూరు నుంచి వచ్చి నాన్న దగ్గర పడుకున్నాను. తెల్లవారుజామున పులిహోర కలిపి, నీళ్ళ సీసాలు నింపుకుని స్టేషన్‌కి వెళ్ళాం. ఏలూరు, తాడేపల్లిగూడెం, రాజమండ్రి, సామర్లకోట, తుని, అనకాపల్లి... నాన్న ఉద్యోగమంతా ఈ లైన్లోనే గడిచింది. గోదావరి మీద 1997లో రిటైరైన పాత హేవలాక్ వంతెనని చూపించి, దాని మీద బండి నడిపిన రోజులు చెప్పారు. మధ్యాహ్నం భోజనాల వేళకి దిగాం. సాయంత్రం వందే భారత్ కూడా ఉంది, త్వరగా చేరుస్తుంది, కానీ రాత్రి పొద్దుపోయాక దిగి గది వెతుక్కోవడం పెద్దవాళ్ళతో కష్టం. డబ్బు సంగతి పక్కన పెట్టినా నేను రత్నాచల్‌కే ఓటేస్తాను.

గది విషయంలో మళ్ళీ దెబ్బ తిన్నాం. స్టేషన్‌కి దగ్గరని ద్వారకానగర్ వైపు ఒక లాడ్జి ఫోన్లో బుక్ చేశాను. మధ్యాహ్నం పన్నెండుకి గది ఇస్తామన్నవాళ్ళు మూడున్నరకి ఇచ్చారు. అంతసేపూ నాన్న రిసెప్షన్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఆయన వయసు చూసైనా ఒక ఖాళీ గదిలో కాసేపు నడుం వాల్చనివ్వచ్చు కదా అని అడిగితే, కౌంటర్లో అబ్బాయి తల కూడా ఎత్తలేదు. రాత్రి వేడినీళ్ళు రాలేదు. నాకు నిజంగా కోపం వచ్చింది. మర్నాడే ఖాళీ చేసి ఎంవీపీ కాలనీలో చిన్న హోటల్‌కి మారాం. రోజుకి ఆరేడు వందలు ఎక్కువైంది, ప్రతి రూపాయికీ న్యాయం జరిగింది. కింది అంతస్తులో గది, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ, అడగకుండానే ఫ్లాస్కులో వేడినీళ్ళు. అక్కణ్ణుంచి గోల్ఫ్ కోర్సుకి ఆటోలో కొద్ది దూరమే.

గది తీసుకునేటప్పుడు ఒకటి తప్పకుండా అడగండి, టిఫిను ఎన్నింటికి పెడతారని. గోల్ఫ్ పొద్దు పొడిచీ పొడవగానే మొదలవుతుంది. ఎనిమిదింటికి పెట్టే ఉచిత టిఫిను వల్ల మనకి ఉపయోగం లేదు. మేం రోజూ పొద్దున్నే వీధి చివర బండి దగ్గర ఇడ్లీ తిని వెళ్ళేవాళ్ళం. ఎంవీపీ రైతుబజారులో ముందు రోజు సాయంత్రమే అరటిపళ్ళు, జామకాయలు కొనుక్కుని సంచీలో వేసుకునేవాళ్ళం. ఆటో సంగతి కూడా చెప్పాలి. వెళ్ళేటప్పుడు ఎన్నైనా దొరుకుతాయి. ఎండ ముదిరాక ముడసర్లోవ దగ్గర ఖాళీ ఆటో రావాలంటే చాలాసేపు నిలబడాలి. యాప్‌లో బుక్ చేసిన కారు రెండుసార్లు క్యాన్సిల్ అయింది. మొదటి రోజు దింపిన ఆటో ఆయన నంబరు తీసుకుని, మిగతా రోజులు ఆయన్నే పిలిచాం. ఫోన్ చేసిన పది నిమిషాల్లో వచ్చేవాడు, "పెద్దాయన కూర్చున్నాకే బండి తీస్తానమ్మా" అనేవాడు.

ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిది. ఒకవైపు కంబాలకొండ అడవి కొండలు, ఇంకోవైపు ముడసర్లోవ చెరువు. చెరువు నీళ్ళ మీద తేలుతూ రెండు మెగావాట్ల సోలార్ పలకలు కూడా ఉన్నాయి, 2018లో పెట్టినవి. గోల్కొండ అంత గంభీరంగా ఉండదు కానీ చెట్ల నీడ ఉంది, చూసేవాడికి అది ముఖ్యం. మేం వెళ్ళినప్పుడు టికెట్ లేదు. గేటు దగ్గర పేర్లు రాసుకుని లోపలికి పంపారు. క్రికెట్‌లా గ్యాలరీలు ఉండవు, ఆటగాళ్ళతో పాటు మనమూ నడవాలి. 18 హోల్స్ పూర్తిగా తిరిగితే ఏడెనిమిది కిలోమీటర్లు అవుతుంది. చూసేవాళ్ళు చాలా తక్కువ. ఆటగాడు కొట్టే చోటికి పది అడుగుల దూరంలో నిలబడగలగడం ఏ ఆటలో దొరుకుతుంది? బంతి తగిలిన చప్పుడు టీవీలో వినపడేది కాదు. ఎండుకట్టె విరిచినట్టు ఉంటుంది.

నాన్నకి స్కోరు లెక్క చాలా ఇష్టం. ఒక హోల్‌కి ఇంత అని నిర్ణయించిన దెబ్బల్లో పూర్తి చేస్తే పార్, ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. బోగీ అంటే ఆయనకి రైలు పెట్టె కాబట్టి ఎవరైనా బోగీ కొట్టగానే "ఇంకో పెట్టె తగిలించాడు" అనేవారు. బంతి పోతే వెతకడానికి ఇచ్చేది మూడే నిమిషాలు, 2019కి ముందు అయిదు ఉండేది. నాన్న గడియారం చూసి లెక్కపెట్టేవారు. ఆటగాడు కొట్టబోయేటప్పుడు వలంటీరు చెయ్యెత్తితే ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోండి, ఇది మర్యాద మాత్రమే కాదు, అవతల ఒకడి బతుకుతెరువు.

ఏ రోజు వెళ్ళాలి అని నన్నడిగితే, ఆఖరి రోజు కాదు, రెండో రోజు అంటాను. నాలుగు రోజుల ఆట, రోజుకి 18 చొప్పున 72 హోల్స్. రెండో రోజు సాయంత్రం కట్ పడుతుంది. మొదటి 50 స్థానాల్లో ఉన్నవాళ్ళు, 50వ స్థానంలో సమానంగా ఉన్నవాళ్ళు ముందుకి వెళ్తారు. మిగతావాళ్ళు ఇంటికి. ప్రైజ్ మనీ కట్ దాటినవాళ్ళకే. కప్పు కోసం ఆడేవాళ్ళు నలుగురైదుగురు ఉంటారు, కట్ కోసం ఆడేవాళ్ళు యాభై మంది. అసలు టెన్షన్ అక్కడుంటుంది. పైగా మొదటి రెండు రోజుల్లో ఒకరోజు పొద్దున ఆడినవాళ్ళు ఇంకోరోజు మధ్యాహ్నం ఆడతారు. విశాఖలో పది దాటాక గాలి పెరిగేది, అందుకే ఎవరికి ఏ పూట వచ్చిందో చూసుకుంటే స్కోర్లు బాగా అర్థమవుతాయి.

రెండో రోజు మేం ఒక కుర్రాడి వెంట నడిచాం. పేరు రాయను. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. ఉత్తరాది వాడు. మొదటి దెబ్బ కొట్టే చోట, దాన్ని టీ అంటారు, నాన్న స్టూలు మీద కూర్చుని ఉంటే, వంగి నమస్కారం పెట్టాడు. అంతే, నాన్న "ఈ రోజు ఇతనితోనే" అన్నారు. నేను ముందుగా తర్వాతి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) దగ్గరికి వెళ్ళి నీడలో స్టూలు వేసేదాన్ని, నాన్న నెమ్మదిగా వచ్చి కూర్చునేవారు. కొన్ని హోల్స్ అడ్డదారిన దాటేశాం. ఆ పద్ధతిలో ఆయన దాదాపు రౌండంతా చూడగలిగారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగే అతి ఉపయోగకరమైన మాట ఇదే.

కుర్రాడు తొమ్మిది హోల్స్ దాకా బాగా ఆడాడు. తర్వాత ఒక బంతి చెట్లలోకి పోయింది, రెండు నిమిషాలు దాటాక దొరికింది. వరుసగా రెండు బోగీలు. నేను ఫోన్లో లైవ్ స్కోరు చూస్తూ ఉన్నాను. కట్ గీత ఒక హోల్‌కి పైకి, ఒక హోల్‌కి కిందికి కదులుతోంది. ఆఖరి హోల్‌లో పార్ చేస్తే దాటతాడు. నాలుగు అడుగుల పట్, అంటే బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించే దెబ్బ, మిగిలింది. గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు, మన అరచేయంత. బంతి అంచు తాకి చుట్టూ తిరిగి బయటికి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. టోపీ తీసి తోటి ఆటగాళ్ళతో, బ్యాగులు మోసే క్యాడీలతో చేతులు కలిపాడు. తర్వాత వెళ్ళి కూర్చుని స్కోర్‌కార్డు ఒక్కొక్క గడీ సరిచూసుకున్నాడు. ఒక హోల్‌కి నిజంగా కొట్టినదానికన్నా తక్కువ అంకె వేసి సంతకం పెడితే పోటీ నుంచే తీసేస్తారు. ఓడిపోయాక కూడా అంత జాగ్రత్తగా సంతకం పెట్టడం చూసి నాకు గొంతు పట్టేసింది.

బయటికి వచ్చినప్పుడు నాన్న లేచి నిలబడి, తన రైల్వే హిందీలో "బాగా ఆడావు బాబూ" అని చెప్పారు. అతను బ్యాగు జేబులోంచి ఒక బంతి తీసి నాన్న చేతిలో పెట్టాడు. ఇద్దరు ఆటగాళ్ళతో కలిసి గది పంచుకున్నాడట, ఆ రాత్రి రైలుకే వెళ్ళిపోతానన్నాడు. ఏ రైలు, ఏ బోగీ అని నాన్న వివరంగా అడిగి, ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో చెప్పి పంపారు.

మిగతా రెండు రోజుల్లో మేం ఉన్నది మూడో రోజే. ఆఖరి రోజు ఆట బెజవాడకి తిరిగొస్తూ ఫోన్లోనే చూశాం. ఖర్చు ఇద్దరికీ కలిపి, నాలుగు రాత్రుల గది, రైలు, ఆటోలు, తిండి అన్నీ చూసుకుంటే పదిహేను వేల లోపే అయింది. ఆట చూడటానికి అందులో ఒక్క రూపాయి లేదు. గోల్కొండ, విశాఖ రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే, వయసులో ఉన్నవాళ్ళని గోల్కొండకి వెళ్ళమంటాను. నాన్నతో అయితే విశాఖే.

ఆ బంతి ఇప్పుడు సత్యనారాయణపురంలో టీవీ పక్కన, నాన్న రిటైర్‌మెంటు గడియారం దగ్గర ఉంది. ఎక్కడ టోర్నమెంటు జరిగినా రెండో రోజు సాయంత్రం ఆయన ఆ కుర్రాడి పేరు వెతుకుతారు. నాలుగు టోర్నీలు అయ్యాక ఒకరోజు నేను వంటింట్లో ఉండగా ఫోన్ మోగింది. "మనవాడు కట్ దాటాడే అమ్మాయ్, వాడి వెనకాల ఇంకా ఇద్దరున్నారు" అన్నారు.