భారతి, ఈమాట: రెండు పత్రికలు, రెండు రకాల బతుకు

భారతి అనే సాహిత్య మాసపత్రిక 1924లో మద్రాసులో పుట్టింది. పెట్టింది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. అమృతాంజనం, ఆంధ్రపత్రిక కూడా ఆయనవే. అంటే వెనక ఒక సంస్థ, అచ్చాఫీసు, జీతాలు ఉన్నాయి. 1998లో అమెరికా తెలుగువాళ్లు మొదలుపెట్టిన ఇంటర్నెట్ పత్రిక ఈమాటకు అవేవీ లేవు. సంపాదకులు ఉద్యోగాలు చేసుకుంటూ, జీతం లేకుండా నడుపుతారు. చందా కూడా లేదు.

భారతిలో పడిందంటే చాలు, రచయితకు ఊళ్లో గౌరవం పెరిగేది. కథ పక్కనే శాసనం మీద వ్యాసం, ఆ పక్కన ఛందస్సు మీద వాదన! ఒకరు రాసిన దానికి మరొకరు జవాబు రాస్తే, అది చదవడానికి కనీసం నెల ఆగాలి. ఆ ఆలస్యం వల్లే కాబోలు, తిట్టుకున్నా ఆధారాలు చూసుకుని తిట్టుకునేవారు.

ఈమాటలో రచన ముందు పరిష్కర్తల చేతికి వెళ్తుంది. మార్చమంటారు, మళ్లీ రాయమంటారు. కొత్తవాళ్లకు కాస్త టెన్షనే, కానీ నాకు అదే నచ్చుతుంది. పాత సంచికలన్నీ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. పాత ఆడియోలు వినొచ్చు.

భారతి పాత సంపుటం తెరిస్తే పేజీ అంచు పెళుసుగా విరిగి ఒళ్లో రాలుతుంది. చదివాక చొక్కా దులుపుకోవాలి. 1991లో అది ఆగిపోయింది. పరిశోధనకైతే నేను ముందు భారతి దగ్గరికే వెళ్తాను. కొత్త కథ పంపాలంటే మాత్రం ఈమాటకే.