రాతి పలక, రేకు పలక, ప్లాస్టిక్ పలక: ఒకటో తరగతిలో ఇన్నేళ్లు వాడాక

జూన్‌లో బడి తెరవగానే ఒకటో తరగతి పిల్లల అమ్మానాన్నలు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "పలక కొనమంటారా టీచర్, నోటుబుక్కే ఇచ్చెయ్యాలా?" ఈమధ్య దానికి ఇంకోటి తోడైంది. బటన్ నొక్కితే చెరిగిపోయే ఎలక్ట్రానిక్ పలక మంచిదేనా అని. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్లుగా చిన్న తరగతులకే చెబుతున్నాను. ఈ రకాలన్నీ మా గదిలో పిల్లల చేతుల్లో నలిగినవే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పలక కొనండి, అయితే దిద్దించడానికి కాదు, మీరు చెప్పింది విని రాయడానికి.

మన ఇళ్లల్లో పలక అంటే దిద్దడమే. పెద్దవాళ్లు ఒక 'అ' రాసిస్తారు, పిల్ల దాని మీదే బలపం తిప్పుతూ కూర్చుంటుంది. గీత లావెక్కేకొద్దీ ఇంట్లో అందరికీ సంతోషం. అదే పిల్లని పిలిచి, పాఠంలో 'అ' ఎక్కడుందో చూపించమంటే దిక్కులు చూస్తుంది. చేతికి ఒంపు తెలిసింది కానీ ఆ ఒంపుకీ నోట్లో పలికే ధ్వనికీ ముడి పడలేదు. గుణింతంలోనూ ఇదే తంతు. క నుంచి కః దాకా గడగడా అప్పజెప్పే పిల్లాడికి బోర్డు మీద 'కు' ఒక్కటే రాసి చూపించండి. మనసులో 'క, కా, కి, కీ' అనుకుంటూ మెట్టుమెట్టూ దిగి వస్తేగానీ జవాబు రాదు.

అందుకే మా తరగతిలో పలక పని వేరేలా సాగుతుంది. వర్ణమాల అంతా అయ్యేదాకా ఆగకుండా గుణింతపు గుర్తులు లేని చిన్న మాటలతో మొదలుపెడతాను: తల, వల, పడవ. 'పడవ'లో మూడక్షరాలు వస్తే 'వడ' కూడా వచ్చినట్టే, ఆ మాట వినగానే తరగతంతా నవ్వుతుంది. నేను మాట చెబుతాను, పిల్లలు రాస్తారు, "పలకలు చూపండి" అనగానే అందరూ ఒక్కసారి పైకెత్తుతారు. గదిలో ఎవరికి వచ్చిందో, ఎవరు తడబడ్డారో, ఎవరు పక్కవాడిది చూసి రాశారో ఒక్క చూపులో తెలిసిపోతుంది. నోటుబుక్కులైతే ఈ సంగతి నాకు సాయంత్రం దిద్దేటప్పుడు తెలుస్తుంది, అప్పటికి పిల్లలు ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. చూసి రాసే అలవాటుకి మందు కూడా సులువే, ఒక వరసకి 'వల', పక్క వరసకి 'తల' చెబితే చాలు.

ఇలా పైకెత్తిన పలకల మీద కనిపించే తప్పులు ఏ పుస్తకమూ చెప్పనంత వివరంగా ఉంటాయి. ఒకసారి 'ఆవు' అని చెబితే ఒక పిల్లవాడు 'ఆమ' అని రాసి ధీమాగా చూపించాడు. "చదువు" అన్నాను. "ఆవు" అన్నాడు. వాడి లెక్క వాడికుంది. 'వు' పక్కన 'మ' పెట్టి చూడండి, ఆ రెండూ అచ్చులో ఎంత దగ్గరగా ఉంటాయో. 'వ'కి కొమ్ము ఇస్తే కొస ఎక్కడ తేలుతుంది, 'మ'లో ఎక్కడ ఆగుతుంది అనేది మనకి అలవాటైపోయి కనిపించదు. ఆ రోజు 'ఆవు', 'మామ', 'పువ్వు' మూడూ బోర్డు మీద పెద్దగా రాసి, తేడా ఎక్కడుందో పిల్లలచేతే వేలు పెట్టించాను. పలక కాబట్టి వాడు అరచేత్తో ఆ చివరి అక్షరం ఒక్కటే చెరిపి సరిచేసుకున్నాడు. ఎర్ర ఇంకు పడలేదు, కాగితం చిరగలేదు, తప్పు రాశానన్న టెన్షన్ వాడి మొహంలో లేదు.

తలకట్టు సంగతి మరీ తమాషాగా ఉంటుంది. కొందరు అన్ని అక్షరాలకీ తలకట్టు పెడతారు, 'జ', 'ట', 'బ', 'ల' లాంటివాటికి అది ఉండదని చెప్పినా వినరు. 'కి' రాయమంటే తలకట్టు ఉంచి దాని మీద గుడి కూడా కట్టేస్తారు. ఒత్తుల దగ్గర 'అమ్మ' కాస్తా 'అమమ' అవుతుంది. కింద రాయడం కొత్త కాబట్టి మొదట పక్కనే రాస్తారు. పలకని గీతలున్న వైపుకి తిప్పిస్తే ఒత్తు ఎక్కడికి దిగాలో తొందరగా పట్టుకుంటారు.

ఇక సామాను విషయం. రాతి పలకకి సాటి లేదు. మార్కాపురం పలకలతో చదువుకున్న తరం ఈ మాట ఊరికే అనదు. రాయి కాస్త గరుకుగా ఉంటుంది, బలపం జారదు, చేతికి పట్టు తెలుస్తుంది. ఒక్కటే చిక్కు, కింద పడితే రెండు ముక్కలు, అంచు పదునుగా ఉంటుంది. బరువు కూడా. ఇప్పుడు చిన్న ఊళ్లలో అడిగినా దొరకడం తక్కువే. రేకు పలక తేలిక, పగలదు, కానీ నల్ల రంగు లేచిపోయిన చోట బలపం పడదు. మా చిన్నప్పుడు బొగ్గుపొడి, దొండాకు పసరు కలిపి రుద్దేవాళ్లం. ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది, కొత్తది కొనేస్తారు. ప్లాస్టిక్ పలక చూడ్డానికి బాగుంటుంది, పక్కన రంగురంగుల పూసలు లెక్కలకి పనికొస్తాయి. నున్నటి రకం మాత్రం వద్దు. బలపం జారిపోతుంటే పిల్లలు నొక్కి నొక్కి రాసి వేళ్లు నొప్పి అంటారు. కొనేముందు కొట్లోనే రాసి చూడండి.

ఎలక్ట్రానిక్ పలకని పిల్లలు ఎగబడి వాడతారు, అది నిజమే. కానీ మా గదిలో ఎక్కువ కాలం నిలవలేదు. మాకు దొరికిన చవక రకంలో బటన్ నొక్కితే మొత్తం పోతుంది. ఒక్క అక్షరం దిద్దుకోవడానికి వీల్లేదు, 'ఆమ'ని 'ఆవు' చెయ్యాలంటే అంతా మళ్లీ రాయాలి. గీత పలచన, పైకెత్తి చూపిస్తే వెనక బెంచీది నాకు కనిపించదు. అన్నిటికంటే ముఖ్యం, లోపల గుండీలాంటి బ్యాటరీ ఉంటుంది, చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదకొస్తుంది. స్క్రూ ఉన్న మూత లేకపోతే ఇంటికి కూడా తేవద్దు. మార్కర్‌తో రాసే తెల్ల పలకలకి ఇంత ప్రమాదం లేదు. మూతలు పారేసుకుని మార్కర్లు ఎండబెట్టడమే వాటితో తలనొప్పి.

బలపం ముక్క అయితే పారేయకండి. పొడుగు బలపాన్ని పిల్లలు గుప్పిట్లో పట్టుకుంటారు. చిన్న ముక్క గుప్పిట్లో కుదరదు, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడూ కలిపి పట్టుకోక తప్పదు. పెన్సిల్ పట్టు అక్కడే వచ్చేస్తుంది. బలపం తినే పిల్లలు కూడా ప్రతి ఏడాదీ కనిపిస్తారు. వాళ్లని తిట్టి లాభం లేదు. రక్తం తక్కువున్నవాళ్లలో ఈ యావ ఉండొచ్చు, ఊళ్లో ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకి ఒకసారి చూపించండి. ఉమ్మి వేసి తుడవడం మాన్పించడానికి తడి గుడ్డ ముక్కని దారంతో చట్రానికి కట్టించాను.

పలకలో అసలు లోపాలు రెండు. ఒకటి, దానికి నిన్న అనేది ఉండదు. జులైలో ఎలా రాశాడో నవంబర్‌లో చూపించడానికి ఏమీ మిగలదు, తనిఖీకి వచ్చినవాళ్లు అడిగేది నోటుబుక్కులే. అందుకని రోజూ చివర్లో తేదీ వేసి ఒక్క వరస మాత్రం నోటుబుక్కులో రాయిస్తాను. ఒక్క వరసే. పేజీలు నింపించడం మొదలైతే మళ్లీ చూసి రాసే రోగం వస్తుంది.

రెండోది ఇంకా పెద్దది. పలక రాయడం నేర్పుతుంది, ధారాళంగా చదవడం నేర్పదు. 2021 జులైలో చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. తెలంగాణలో 2022 ఆగస్టులో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఈ చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం) కోసమే. 'వెళ్లిపోయిందన్నమాట' లాంటివి ఒకే పదంగా లెక్కకొచ్చే మన భాషలో 60 అంటే తక్కువ పని కాదు. దానికి బొమ్మల కథల పుస్తకాలు కావాలి, రోజూ పైకి చదివే సమయం కావాలి. పలక ఎంత మంచిదైనా ఆ పని దానితో అవదు.

డిక్టేషన్‌కీ ఒక హద్దుంది. 'ధనం', 'భయం' అని మనమే సరిగ్గా పలకం, 'దనం', 'బయం' అంటాం. విన్నది విన్నట్టు రాసిన పిల్లని తప్పు పట్టడం అన్యాయం. అలాంటి మాటలు చూపించి, చదివించి, ఆ తర్వాతే రాయిస్తాను.

ఎప్పుడు ఆపాలి? ఒత్తులున్న మాటలతో చిన్న వాక్యం, "అక్క పువ్వు తెచ్చింది" లాంటిది, చూడకుండా రాయగలిగితే డబుల్ రూల్ నోటుబుక్కు, పెన్సిల్ ఇచ్చెయ్యండి. కొందరికి ఒకటో తరగతి సంక్రాంతికే ఆ దశ వస్తుంది, కొందరికి రెండో తరగతి దసరా అవుతుంది. పలకని అప్పుడు కూడా అటక ఎక్కించకండి, కొత్త ఒత్తులకీ కూడికలకీ పనికొస్తుంది. కొనేటప్పుడు ఒక వైపు గీతలు, ఒక వైపు గళ్లు ఉన్నది, మూలలు గుండ్రంగా ఉన్నది చూసుకోండి. బలపాలు డబ్బాతో తీసుకుంటే మేలు, మొదటి వారంలోనే సగం పోతాయి.