జాగ్రత్త: ముద్ర చూసి ‘క్యోటో సహజ సానరాయి’ కొనకండి

జపనీస్ వంటగది కత్తులకు సానపట్టడం, మెరుగుపెట్టడం సరదాగా మొదలుపెట్టిన వారికి ఏదో ఒక రోజు సహజ రాయి మీద మనసు పోతుంది. నాకూ పోయింది. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ‘క్యోటో నకయామా గని రాయి, పాత సరుకు, 12000 గ్రిట్’ అని రాసి ఉన్నదాన్ని కొన్నాను. గ్రిట్ అంటే రాతి రేణువు ఎంత సన్ననో చెప్పే నంబరు; నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నం. వచ్చిన మొదటి సాయంత్రమే అది నా కత్తి చెంప మీద, అంటే పక్కనుండే వెడల్పాటి ముఖం మీద, మూడు గాట్లు పెట్టింది. దాని మీది అందమైన మచ్చలు నీళ్లలో దిగిపోయాయి. వాపసు తీసుకోమంటే ‘ఒకసారి తడిపిన రాయిని తీసుకోము’ అన్నారు. అమ్మినవారి పేరు రాయడం లేదు. ఇలాంటి చోట పేరు మార్చుకోవడం ఒక్క నిమిషం పని. మీరు గుర్తుపెట్టుకోవలసింది అమ్మే పద్ధతిని.

ముందు అసలు ఆ రాయి నాకెందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. నా దగ్గరున్నది ఒక గ్యూతో, అంటే అన్ని పనులకూ వాడే జపనీస్ వంటగది కత్తి. మధ్యలో అవోగామి అనే గట్టి కార్బన్ ఉక్కు, దానికి రెండు వైపులా మెత్తటి ఇనుము. అవోగామి అంటే నీలి కాగితం. తయారీదారు ఆ ఉక్కుకు చుట్టే కాగితం రంగే దానికి పేరైంది. మామూలు కృత్రిమ రాళ్ల మీద 1000, 3000, 6000 అంటూ ఎక్కుతూ పోతే ఉక్కూ ఇనుమూ రెండూ ఇంచుమించు ఒకేలా మెరుస్తాయి. మంచి సహజ రాయి మీద, దాని నుంచి ఊరే మెత్తని గంధంతో రుద్దితే మాత్రం ఇనుము బూడిద రంగులో మసకబారి, అంచు దగ్గర ఉక్కు తళుక్కుమంటుంది. దాన్నే కసుమి అంటారు, అంటే పొగమంచు. కూరగాయలు కోయడానికి ఈ మంచుతో ఏ పనీ లేదు. 3000 రాయి దగ్గర ఆగిపోయినా కత్తి హాయిగా తెగుతుంది. ఇది అచ్చంగా కంటికి ఇంపు కోసం పెట్టిన ఖర్చు, అందుకే మోసపోయాక ఇంట్లో చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

అమ్మకానికి పెట్టిన ఫొటోలో రాయి లేత పసుపు రంగులో ఉంది. పక్కల గోధుమ రంగు మచ్చలు, పై ముఖాన నీలి సిరాతో పెద్ద గుండ్రటి జపనీస్ ముద్ర. పొడి రాయి ఫొటోలు నాలుగు పెట్టారు, తడి రాయి ఫొటో ఒక్కటీ లేదు. అది నాకు అప్పుడు తట్టలేదు. ముద్ర చూసి మురిసిపోయాను.

ఆ ముద్ర గురించి ఇప్పుడు తెలిసినది అప్పుడే తెలిసి ఉంటే బాగుండేది. క్యోటో చుట్టుపక్కల కొండల్లోని మెరుగు రాళ్లు సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట సముద్రపు అడుగున పేరుకున్న సన్నటి బురద గట్టిపడి ఏర్పడినవి. పొరలు పొరలుగా ఉంటాయి. ఒకే గనిలో ఒక పొర వెన్నలా నూరితే పక్క పొర గాజులా జారుతుంది. నకయామా గని మూతపడి దశాబ్దాలైంది. ఆ ప్రాంతపు గనుల్లో చాలావాటిదీ అదే కథ. అంటే ఇప్పుడు బజారులో తిరిగే ‘నకయామా’ చాలావరకు నిల్వ సరుకో, పాత పనివాళ్ల పెట్టెల్లోంచి బయటపడినదో అయి ఉండాలి. గని దాటి బయటికి వచ్చిన రాయికి పుట్టుక పత్రం ఉండదు. మిగిలేది ముద్ర. రబ్బరు ముద్ర, సిరా డబ్బా ఎవరైనా కొనుక్కోవచ్చు. పైగా పని ముఖం మీద వేసిన ముద్ర రెండు రోజుల వాడకంలో అరిగిపోతుంది కాబట్టి, ముద్ర నిగనిగలాడుతోందంటే ఆ రాయిని ఎవరూ వాడి చూడలేదన్నది ఒక్కటే ఖాయం. నా చేతికి వచ్చింది నకయామా రాయి కాదని కూడా నేను నిరూపించలేను. ఈ వ్యాపారం నడిచేది సరిగ్గా ఆ సందులోనే.

ఇక ఆ 12000 సంగతి. కృత్రిమ రాయికి గ్రిట్ నంబరు అర్థమున్న మాట. జపాన్ పారిశ్రామిక ప్రమాణం ప్రకారం 1000 నంబరు రేణువు సగటున 11.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర, 8000 నంబరుది 1.2 మైక్రాన్ల దగ్గర ఉండాలి. సైజు వారీగా వేరుచేసి, కొలిచి కలిపిన రేణువులవి. కొండలో పుట్టిన రాయిలో రేణువులను అలా ఎవరు వేరుచేశారు? అందులో రేణువులు ఒకే సైజులో ఉండవు. నూరేకొద్దీ, గంధం చిక్కబడేకొద్దీ, చేతి బరువు తగ్గించేకొద్దీ కత్తి మీద పడే గీత సన్నబడుతుంది. అదే రాయి మీద ఇద్దరు మనుషులు రెండు రకాల మెరుగు తెస్తారు. ‘సుమారు ఇంత స్థాయి మెరుగు వస్తుంది’ అని అంచనాగా చెప్పే నిజాయితీపరులు ఉన్నారు, వారితో పేచీ లేదు. 12000 అని ఖరాఖండిగా ముద్రించి అమ్మేవారికి రాళ్ల గురించి తెలియదనుకోవాలి, లేదా మనకు తెలియదని వాళ్లు అనుకుంటున్నారనుకోవాలి.

రాయి వచ్చింది. నీళ్లు చిలకరించి బొటనవేలితో రుద్దాను. వేలికి పసుపు అంటింది. రాతి గంధం అలాగే ఉంటుందేమో అనుకుని ఇంకాస్త నీళ్లు పోశాను. పక్కనున్న గోధుమ మచ్చ ఒకటి కరిగి పళ్లెంలోకి జారింది. సహజ రాళ్ల పక్కలకు నీరు పొరల్లోకి దిగకుండా లక్క లాంటి పూత వేయడం ఉన్నదే, అది తప్పేమీ కాదు. ఇది ఆ పూత కాదు, మచ్చలకు వేసిన రంగు. రంగు పోయాక కింద బయటపడినది మామూలు బూడిద రంగు రాయి, దాని ఒక సగంలో అడ్డంగా వెంట్రుక మందాన ఒక నల్లని గీత. పైన పటారం, లోన లొటారం.

అక్కడే ఆగి ఉంటే కత్తి దక్కేది. డబ్బు పెట్టాక మనసు ఊరుకోదు కదా. పది నిమిషాలు రుద్దాను. గంధం సరిగా ఊరలేదు, కత్తి రాయి మీద జారుతోంది, మధ్యమధ్య ఇసుక నలిగినట్టు చిన్న చప్పుడు. తుడిచి చూస్తే మెత్తటి ఇనుము మీద మడమ వైపు నుంచి మొనదాకా మూడు లోతైన గీతలు, అంచులో గోరుకు తగిలేంత చిన్న నొక్కు. వాటిని పోగొట్టడానికి మళ్లీ 1000 రాయి దగ్గరికి దిగి రెండు సాయంత్రాలు పనిచేయవలసి వచ్చింది. ఆ రెండు సాయంత్రాల్లో కత్తి అరిగిపోయిన మేర ఎవరూ వాపసు ఇవ్వలేరు.

తప్పు నాదేనేమో అని కూడా చూసుకున్నాను. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే అమ్మినవారు మొదట అనే మాట అదే. గీతలు పడటానికి రాయే కారణం కానక్కరలేదు. గరుకు రాయి వాడిన నీళ్లలోనే మెరుగు రాయిని కడిగినా, అదే గుడ్డతో కత్తి తుడిచినా ఒక్క పెద్ద రేణువు చాలు. కొత్త డైమండ్ పలకతో రాయిని చదును చేస్తే వదులుగా ఉన్న వజ్రపు రేణువులు రాలి రాతిలో దిగబడతాయి. అందుకని అన్నీ కడిగి, నీళ్లు మార్చి, బాగా అరిగిన పాత పలకతో రాయి ముఖాన్ని చదును చేసి, పోతే పోయిందనుకునే ఒక స్టీలు కత్తి తీసుకున్నాను. దాన్ని 8000 కృత్రిమ రాయి మీద అద్దంలా చేసి, ముందు ఈ రాయిలో నల్లగీత లేని సగం మీద రుద్దాను. కొత్త గీతలు పడలేదు, మెరుగూ రాలేదు. తర్వాత గీత ఉన్న సగం మీద రుద్దాను. రెండో తోపుకే గాటు పడింది. పెన్సిలుతో రాయి అంచున గుర్తులు పెట్టి ఇంకో మూడుసార్లు చూశాను; ప్రతిసారీ అదే చోట. సూది మొనతో ఆ గీత మీద నడిపిస్తే రెండు చోట్ల టక్కున ఆగింది. రాతిలోని గీతలన్నీ చెడ్డవి కావు, ఏళ్ల తరబడి ఏ హానీ చేయని గీతలున్న మంచి రాళ్లు ఉంటాయి. ఇది మాత్రం కరిచే గీత.

ఈ వివరాలన్నీ వీడియోతో సహా పంపాను. మొదటి జవాబు: ‘మీకు చేయి తిరగలేదు, సహజ రాయికి అనుభవం కావాలి.’ రంగు సంగతి అడిగితే, ‘సహజ రాయిలో ఇనుము తుప్పు ఉంటుంది, అదే దిగింది.’ తుప్పు మరక రాతి లోపలికి ఉంటుంది, గోరుతో గీకితే పొరగా లేవదు అని రాశాను. మూడో జవాబులో నిబంధన బయటికొచ్చింది: నీరు తగిలిన రాయికి వాపసు లేదు. తడపకుండా రాయి గుణం తెలియదు, తడిపితే వాపసు లేదు. బావిలో నీళ్లు తియ్యగా ఉన్నాయో లేదో తాగకుండా చెప్పమన్నట్టుంది. చివరికి నా ఫిర్యాదును, అమ్మకం పేజీ కింద నేను రాసిన అభిప్రాయాన్ని తీసేస్తే కొంత డబ్బు తిరిగి ఇస్తామన్నారు. నేను తీయలేదు, వాళ్లు ఇవ్వలేదు.

మీరు కొనేటట్టయితే డబ్బు కట్టకముందే అడగవలసిన మొదటి ప్రశ్న వాపసు గురించే: ఒకసారి తడిపి, ఒక కత్తి మీద ప్రయత్నించాక తిరిగి తీసుకుంటారా, ఎన్ని రోజుల్లో? జవాబు రాతపూర్వకంగా ఉండాలి. నిజంగా రాళ్లు తెలిసినవారు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. తర్వాత తడి రాయి ఫొటోలు ఆరు ముఖాలవీ అడగండి. పగుళ్లు, కరిచే గీతలు పొడిలో దాక్కుంటాయి, తడిలో బయటపడతాయి. మీరు ఎంచుకున్న రాయి మీదే కత్తి నడుపుతున్న చిన్న వీడియో అడగండి. కొద్దిసేపటికే గంధం నల్లబడితే రాయి లోహాన్ని తీస్తోందని అర్థం. మరీ గట్టి రాయి గొప్పదన్న భ్రమ పెట్టుకోవద్దు. గట్టివి మంగలి కత్తులకు బాగుంటాయి, వెడల్పాటి కత్తి చెంప మీద కసుమి రావాలంటే కాస్త మెత్తటిదే నయం. ఫొటోలోని రాయే వస్తుందా, లేక ‘అలాంటిది’ వస్తుందా అన్నది కూడా అడగండి. సహజ రాయిలో ‘అలాంటిది’ అన్నది ఉండదు.

కృత్రిమ రాళ్లలో ఇంత గోల లేదు. మెగ్నీషియా బంధంతో, అంటే రేణువులను మెగ్నీషియాతో అతికించి చేసిన రాళ్లను మాత్రం నానబెట్టకూడదు. నానితే మెత్తబడి, ఆరాక పగుళ్లిస్తాయి. అమ్మేవారి వివరాల్లో బంధం సంగతి లేకుండా ‘రాత్రంతా నానబెట్టండి’ అని ఉంటే తయారీదారు సూచనలు వెతికి చూసుకోండి. అన్నట్టు, నాకు రాయి అమ్మినవారే డమాస్కస్ కత్తులూ, అంటే చెంప మీద అలల నమూనా ఉండే కత్తులూ, అమ్ముతున్నారు. పొరలు మడిచి చేసిన కత్తి మీద నమూనా మెరుగుపెడితే మసకబారుతుంది గానీ, ఆమ్లంలో ముంచితే తిరిగి తేలుతుంది. లేజరుతో పైపైన చెక్కినదైతే సానరాయి మీద పోయింది పోయినట్టే. ఈ రాయి చూశాక ఆ కత్తుల జోలికి వెళ్లలేదు.

నిన్న మళ్లీ ఆ పేజీ తెరిచి చూశాను. నేను కొన్న రాయి ఫొటోయే ఉంది, ఎడమ మూలన పెచ్చు లేచిన ముక్కోణపు గుర్తుతో సహా. ఈసారి కింద ఓహిరా గని, 15000 గ్రిట్ అని రాశారు. ‘ఒక్కటే మిగిలింది’ అని కూడా ఉంది. ఆ ఒక్కటీ నా గూట్లో ఉంది.