పెల్లెట్ పరీక్ష: నిలబడి కాల్చి చూడాలా, క్లాంపులోనా, ఇసుక సంచి మీదా?

హన్మకొండలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఒకటే: "సార్, మా బిడ్డకు ఏ డబ్బా కొనాలె?" మ్యాచ్ పెల్లెట్ల (పోటీల్లో ఎయిర్ రైఫిల్‌తో కాల్చే చిన్న గుండ్ల) ధర చూస్తే ఆ టెన్షన్ సహజమే. అన్నీ 4.5 మిల్లీమీటర్లవే అయినా, డబ్బా మీద తల సైజు 4.49 అనో 4.50 అనో ఉంటుంది. ఒక రైఫిల్‌కు పడ్డది అదే మోడల్‌లోని ఇంకో రైఫిల్‌కు పడకపోవచ్చు. కాబట్టి కాల్చి చూడాల్సిందే. ఎలా కాల్చాలన్న దగ్గరే చాలామంది డబ్బులు వృథా చేసుకుంటున్నారు.

మామూలుగా ఏం చేస్తారంటే, ఒక్కో డబ్బాతో నిలబడి ఒక సిరీస్ (పది షాట్లు) కాల్చి, స్కోరు ఎక్కువొచ్చిన డబ్బా కొంటారు. ఇది మాత్రం వద్దు. డెసిమల్ స్కోరింగులో 0.1 పాయింటు అంటే టార్గెట్ మీద పావు మిల్లీమీటరు. నేర్చుకునే పిల్లల చేతి ఊపు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పెల్లెట్ల మధ్య తేడా అందులో కనబడకుండా పోతుంది. ముందురోజు రాత్రి బాగా నిద్రపోయినందుకు వచ్చిన స్కోరును కూడా డబ్బా గొప్పతనం అనుకుంటాం.

రైఫిల్‌ను కదలకుండా బిగించి పట్టే మంచి క్లాంపుకు మించింది లేదు, ఎందుకంటే అందులో మనిషి తప్పు రాదు. కానీ "మంచి" అన్నదే ముఖ్యం. వెల్డింగ్ షాపులో చేయించి, తేలికపాటి బల్లకు బిగిస్తే, లోడు చేసిన ప్రతిసారీ రైఫిల్ కొద్దిగా జరుగుతుంది. పేపర్ మీద రంధ్రాలు గుండ్రంగా గుమికూడకుండా ఒక వరుసలో పైకో కిందికో పాకుతుంటే, అది పెల్లెట్ దోషం కాదు, బిగింపు దోషం.

అందుకే మా ప్రాంతంలో చాలామందికి ఇసుక సంచే మేలంటాను. గట్టి బల్ల, రైఫిల్ ముందు కట్టె కింద ఒక సంచి, వెనుక బట్ కింద చిన్నది. బ్యారెల్ దేనికీ తగలకూడదు. ఫ్యాన్లు, కూలర్లు ఆపేయాలి. పెల్లెట్ బరువు అర గ్రాము చిల్లరే. మే నెల వరంగల్ ఎండలో ఫ్యాన్ లేకుండా కూర్చోలేరు కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టండి. ఒక డబ్బా మొత్తం అయ్యాక రెండోది తీయకుండా, ఒక్కో గ్రూపుకు (ఒకే గురికి వరుసగా కాల్చిన షాట్ల గుంపుకు) డబ్బా మార్చండి. అప్పుడు కంటి అలసట అన్నిటికీ సమానంగా పడుతుంది. మార్చినప్పుడల్లా మొదటి ఐదు షాట్లు లెక్కలోకి తీసుకోవద్దు.

గ్రూపుకు ఐదు షాట్లా, పదా? పదే. ఐదు షాట్ల గ్రూపు అదృష్టం కొద్దీ చిన్నగా రావడం మామూలే. అదే రైఫిల్, అదే పెల్లెట్‌తో పది షాట్ల గ్రూపు సగటున ఐదింటి దానికంటే పావు వంతు పెద్దగా వస్తుంది, కాబట్టి ఆ రెండింటినీ పోల్చకండి. కొలవడం సులువే. చదును తల పెల్లెట్ పేపర్‌ను నీట్‌గా కోస్తుంది. వెర్నియర్‌తో ఈ చివరి అంచు నుంచి ఆ చివరి అంచు దాకా కొలిచి 4.5 తీసేస్తే సరి. ఒక్కో డబ్బాకు కనీసం మూడు నాలుగు గ్రూపుల సగటు చూడాలి.

సగటుల్లో తేడా కొద్దిపాటిదే అయితే చవకదే కొనండి. తేడా స్పష్టంగా ఉంటే, నెగ్గిన డబ్బా మీది లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు) రాసుకుని, సీజన్‌కు సరిపడా అదే లాట్‌లో ఒకేసారి తీసుకోండి. లాట్ మారిందంటే పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి.