ఆర్డర్ రాకముందు, వచ్చాక: కన్నతల్లి కోర్టుకెళ్తే పెంచేవాళ్ళ గతేంటి

దత్తత ఆర్డర్ చేతికొచ్చినవాళ్ళూ, ఇంకా ఆర్డర్ రాకముందే బిడ్డని ఇంట్లో పెంచుకునే ప్రీ-అడాప్షన్ ఫోస్టర్ కేర్‌లో ఉన్నవాళ్ళూ ఒకటే అనుకుంటారు చాలామంది, అస్సలు కాదండి. 2021లో కేరళ కేసు గుర్తుందా, తిరువనంతపురం నుంచి ఓ బాబుని మన ఆంధ్ర జంటకి ఇచ్చారు, ఫైనల్ ఆర్డర్ ఇంకా రాలేదు, ఈలోగా నాకు తెలీకుండా ఇచ్చేశారని కన్నతల్లి పోరాటానికి దిగింది, నవంబర్‌లో అధికారులొచ్చి బాబుని వెనక్కి తీసుకెళ్ళారు, డీఎన్ఏ కలిసింది, 24న ఫ్యామిలీ కోర్టు బాబుని తల్లికి ఇప్పించింది. ఆ జంట చేసిన తప్పేం లేదు పాపం, కానీ ఆ స్టేజ్‌లో వాళ్ళకి పూర్తి హక్కు రాదు.

అదే ఆర్డర్ వచ్చాకైతే (2022 సెప్టెంబర్ నుంచి కలెక్టరే ఇస్తున్నారు లెండి) జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం బిడ్డ వీళ్ళ బిడ్డే, కన్నవాళ్ళతో చట్టపరంగా బంధం తెగినట్టే. అప్పుడు కూడా మోసం జరిగిందని ఎవరైనా కోర్టుకెళ్ళొచ్చు, కాకపోతే వాళ్ళకి దారి చాలా ఇరుకు.

నన్నడిగితే మొదటి స్టేజ్‌లో ఉన్నవాళ్ళు ముందు బిడ్డనిచ్చిన దత్తత ఏజెన్సీని గట్టిగా అడగాలి: తల్లే బిడ్డని సరెండర్ చేసిందా, అంటే దత్తతకి అప్పగించిందా, మనసు మార్చుకోడానికిచ్చే 60 రోజులూ అయ్యాయా, బిడ్డ లీగల్లీ ఫ్రీ, అంటే దత్తతకి ఇవ్వొచ్చు అని సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) రాసిచ్చిందా. ఆవిడ అసలు ఒప్పుకోనేలేదని తేలితే మాత్రం లాయర్ వెంట తిరగడం కన్నా బిడ్డని ఇచ్చేయడమే నయం, ఎంత కడుపుకోతైనా.