కూలింగ్ వాటర్ పంపులకి డ్యూయల్ ప్లేట్ ఎన్‌ఆర్‌వి: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మాది పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్. కూలింగ్ టవర్ పంపులు, బ్రైన్ (చల్లబరిచే ఉప్పునీరు), బాయిలర్ ఫీడ్, ఈటీపీ (వ్యర్థజల శుద్ధి ప్లాంటు), యుటిలిటీ అంతా మా టీమే చూసుకుంటుంది. కూలింగ్ వాటర్ పంపుల డెలివరీలో పాత స్వింగ్ టైపు చెక్ వాల్వ్‌లు, అంటే నీటిని ముందుకే పోనిచ్చి వెనక్కి రాకుండా ఆపేవి, అదే మనం ఎన్‌ఆర్‌వి (నాన్ రిటర్న్ వాల్వ్) అంటాం కదా, అవి తీసేసి డ్యూయల్ ప్లేట్ వేఫర్ టైపువి (రెండు ఫ్లాంజ్‌ల మధ్య ఇరికించే పలచటివి) పెట్టి చాలా ఏళ్లయింది. ముందే చెప్తున్నా, సరుకు మంచిదే, మళ్లీ కొనమన్నా అదే కొంటాను. కానీ ప్రతి లైనుకీ కాదు, ఎలా పడితే అలా బిగించేస్తానంటే అసలే కాదు.

స్వింగ్ వాల్వ్‌తో మా గోలంతా చప్పుడు. మామూలుగా పంపు ఆపినప్పుడు తెలిసేది కాదు, డెలివరీ వాల్వ్ మూసి ఆపుతాం కాబట్టి. కరెంటు పోయినప్పుడే దాని సంగతి బయటపడేది. పంపులన్నీ ఒక్కసారి ఆగిపోతాయి, పైన రియాక్టర్ల దాకా ఎక్కిన నీరు క్షణాల్లో వెనక్కి తిరుగుతుంది, అప్పటికి వాల్వ్ లోపల మూసే ఫ్లాప్ ఇంకా పైనే వేలాడుతుంటుంది. బరువైన పలక, తిరగాల్సిన దూరం ఎక్కువ, మూతపడటానికి దాని బరువు తప్ప వేరే సాయం లేదు. నీరు వెనక్కి పరుగందుకున్నాక ఆ నీరే దాన్ని తీసుకొచ్చి సీటుకేసి (పలక ఆనే అంచుకేసి) కొడుతుంది. లెక్క చూడండి: స్టీలు పైపులో ఒత్తిడి అల సెకనుకి రమారమి 1200 మీటర్ల వేగంతో పోతుంది, సెకనుకి అర మీటరు వేగంతో వెనక్కొస్తున్న నీటిని టక్కున ఆపితే దాదాపు 6 బార్ అదనంగా పుడుతుంది. మా లైను మామూలుగా నడిచేది 4 బార్‌లో! ఇక పైపుల జాయింట్లలో ఫ్లాంజ్ గ్యాస్కెట్లు కారక ఏం చేస్తాయి.

డ్యూయల్ ప్లేట్‌లో మధ్యలో ఒక పిన్ను, దానికి అటూ ఇటూ రెండు అర్ధచంద్రాకారం పలకలు, వాటిని మూసే వైపు తోసే స్ప్రింగు ఉంటాయి. పలకలు తేలిక, కదిలే దూరం తక్కువ, ప్రవాహం తగ్గుతున్నప్పుడే స్ప్రింగు పని మొదలుపెడుతుంది కాబట్టి నీరు వెనక్కి తిరిగేసరికి చాలావరకు మూసుకుని ఉంటుంది. దెబ్బ పూర్తిగా పోయిందా అంటే పోలేదు, కరెంటు పోతే చిన్న టక్ ఇప్పటికీ వినిపిస్తుంది, కానీ గ్యాస్కెట్లు కారడం ఆగింది. ఫిట్టర్లకి నచ్చింది మాత్రం బరువు. 8 అంగుళాల స్టీలు స్వింగ్ వాల్వ్ దించాలంటే చైన్ బ్లాక్ కట్టాలి, వేఫర్‌ని ఇద్దరు పట్టుకుని ఫ్లాంజ్‌ల మధ్య దూర్చేస్తారు.

ఒక పంపు మీద మాత్రం త్వరగానే పిన్ను అరిగి పలక లూజైంది. వాల్వ్ తప్పు కాదు, లైను వేసిన కాంట్రాక్టరు దాన్ని బెండుకి ఆనించి పెట్టాడు. బెండు దాటిన నీరు సుళ్లు తిరుగుతూ వస్తుంది, ఒక పలక మీద ఎక్కువ తోపు, రెండోదాని మీద తక్కువ, ఇక రోజంతా కొట్టుకుంటూనే ఉంటాయి. ముందు కనీసం పైపు వ్యాసానికి 5 రెట్లు నేరుగా ఉండాలి, చోటుంటే 10 రెట్లు. అడ్డం లైనులో పెడితే పిన్ను నిలువుగా ఉండాలి, లేకపోతే పై పలక, కింది పలక ఒకేలా కదలవు. ఇంకోటి, దీని వెనకాలే బటర్‌ఫ్లై వాల్వ్ అంటించి పెట్టకండి. తెరుచుకున్నప్పుడు పలకలు వాల్వ్ బాడీ దాటి పైపులోకి వస్తాయి, బటర్‌ఫ్లై డిస్క్ కూడా అదే చోటికి వస్తుంది, రెండూ గుద్దుకుంటాయి. మధ్యలో చిన్న స్పూల్ ముక్క (పొట్టి పైపు) వేస్తే సరిపోతుంది, కానీ డ్రాయింగ్‌లో ఈ సంగతి ఎవరూ చూడరు.

అసలు విషయం సైజు. మన దగ్గర ఇండెంట్ (కొనమని రాసే కాగితం) ఎలా వెళ్తుంది? పైపు 8 అంగుళాలు, కాబట్టి ఎన్‌ఆర్‌వి 8 అంగుళాలు, అంతే. పంపు ఎంత ఇస్తుందో పర్చేజ్ వాళ్లు అడగరు, మనమూ రాయం. గంటకి 120 ఘనపు మీటర్ల పంపుకి 8 అంగుళాల లైనులో నీటి వేగం సెకనుకి మీటరు దగ్గరే ఉంటుంది. ఆ వేగానికి చాలా వాల్వ్‌లు పూర్తిగా తెరుచుకోవు, సగంలో ఊగుతూ ఉంటాయి, ఆ ఊగుడే పిన్నునీ స్ప్రింగునీ తినేస్తుంది. రెండు వైపులా రెడ్యూసర్లు (పైపు సైజు తగ్గించే ముక్కలు) పెట్టి 6 అంగుళాల వాల్వ్ వేస్తే వేగం 1.8 దాకా పెరుగుతుంది, పలకలు ఆనుకుని కుదురుగా నిలబడతాయి. ప్రెషర్ డ్రాప్ కొంచెం పెరుగుతుంది, నిజమే. ఒక మీటరు హెడ్ అదనంగా పోయినా ఈ పంపుకి అరకిలోవాట్ చిల్లర, ఏడాది పొడవునా నడిస్తే 4 వేల యూనిట్ల పైమాటే. అది ఊరికే పోయేది కాదు, అయినా పెద్ద వాల్వ్ వేసి పలకలు విరగ్గొట్టుకోవడం కన్నా నయం. పూర్తిగా తెరుచుకోవడానికి ఎంత ప్రవాహం కావాలో సప్లయర్ డేటాషీట్‌లో రాయించుకోండి, రాయనివాడి దగ్గర కొనకండి.

ఇదేదో చిన్న యూనిట్ల తంటా అనుకునేవాళ్లకి ఒక మాట. 1985 నవంబరులో కాలిఫోర్నియాలో శాన్ ఒనోఫ్రే అణు విద్యుత్ కేంద్రం ఒకటో యూనిట్‌లో ఫీడ్‌వాటర్ లైన్లలో ఐదు చెక్ వాల్వ్‌లు పాడైపోయి ఉన్నాయి, ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. కరెంటు సరఫరా పోయిన రోజు లైను ఖాళీ అయి పెద్ద వాటర్ హ్యామర్ (పైన చెప్పిన లాంటి నీటి దెబ్బ) వచ్చింది. ఎన్‌ఆర్‌వి పనిచేయట్లేదని మామూలు రోజుల్లో బయటికి కనిపించదు, తంటా అంతా అక్కడే.

మా దగ్గర చూసుకునే పద్ధతి తేలికే. ఆగి ఉన్న స్టాండ్‌బై పంపు షాఫ్ట్ వెనక్కి తిరుగుతోందంటే దాని ఎన్‌ఆర్‌వి పోయినట్టే. అలా తిరుగుతున్న పంపుని ఆటో స్టార్ట్‌లో ఎక్కిస్తే మోటార్ ట్రిప్ అవుతుంది, కర్మ బాగోలేకపోతే షాఫ్టో కప్లింగో తెగుతుంది. షిఫ్ట్ రౌండ్‌లో చూడాల్సింది అది.

కొంచెం కారితే మాత్రం గొడవ పడకండి. మెటల్ సీటు చెక్ వాల్వ్‌కి ఏపీఐ 598 (వాల్వ్‌ల పరీక్ష ప్రమాణం) టెస్టులోనే సైజులో ప్రతి అంగుళానికి నిమిషానికి 3 మిల్లీలీటర్ల దాకా లీకు ఒప్పుకుంటారు, అంటే 8 అంగుళాలదానికి 24. అందుకే ఎన్‌ఆర్‌విని నమ్మి ఎవరినీ లైను విప్పనివ్వను, ఐసొలేషన్ వాల్వ్ (లైనుని పూర్తిగా మూసేది) మూసి, తెరవొద్దని ట్యాగ్ వేయాల్సిందే.

మెటీరియల్ విషయంలో కూలింగ్ వాటర్‌కి ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) సీటు బాగుంది. సాల్వెంట్ లైన్లకి స్టోర్స్‌లో ఉంది కదా అని వైటాన్ (ఇంకో రకం రబ్బరు) ఇచ్చేస్తుంటారు, అసిటోన్‌లో అది ఉబ్బిపోతుంది, అక్కడ పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) గానీ మెటల్ సీటు గానీ. కాల్షియం క్లోరైడ్ బ్రైన్‌లో మామూలు స్టెయిన్‌లెస్ స్ప్రింగుకి గుంటలు పడతాయి, ఇంకోనెల్ ఎక్స్-750 (నికెల్ మిశ్రలోహం) అడగండి, ధర చూసి పర్చేజ్ వాళ్లు మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి.

ఎయిర్ కంప్రెసర్ రెసిప్రొకేటింగ్ టైపు (పిస్టన్ ముందుకీ వెనక్కీ ఆడేది) అయితే దాని డెలివరీలో డ్యూయల్ ప్లేట్ జోలికి పోవద్దు, ఆ కుదుపులకి పలకలు టపటపా కొట్టుకుని చస్తాయి. అక్కడ అలాంటి ప్రవాహం కోసమే చేసిన పిస్టన్ టైపు వాడాలి. బాయిలర్ ఫీడ్‌కి మాది చిన్న లైను, లిఫ్ట్ టైపు ఉంది, మార్చే ఆలోచన లేదు. ఈటీపీ స్లడ్జ్ లైనులో కూడా మార్చలేదు, అక్కడ బాల్ టైపే. పీచులు, గుడ్డ పేలికలు చుట్టుకోవడానికి పిన్నూ స్ప్రింగూ ఏమీ ఉండవు, పైన మూత విప్పి బంతి మీద రబ్బరు ఉబ్బిందా, కోసుకుపోయిందా చూసి మళ్లీ వేస్తే పావుగంట పని.