ఒక్క రోజే ఉంటే నాగార్జునకొండ లాంచీయా, ఘంటసాల దారా?

చలికాలం మొదలవగానే విజయవాడ, గుంటూరు, తెనాలి పాఠకుల నుంచి ఇదే ప్రశ్న వస్తుంది. ఒక్క రోజే వీలవుతుంది, పాత కట్టడాలు చూడాలి, పిల్లలకు నీళ్ల మీద ప్రయాణం కూడా కావాలి. సాగర్ జలాశయం మధ్య ఉన్న నాగార్జునకొండకు గైడుతో వెళ్లే సాగర్ టూర్ బస్సు ఎక్కాలా, లేక బండి మాట్లాడుకుని పాత బౌద్ధ స్తూపాలున్న ఘంటసాల, భట్టిప్రోలు ఊళ్ల వైపు వెళ్లాలా? ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడం కంటే ఒకేచోట వివరంగా చెప్పడం నయమనిపించింది. ఈమధ్య మా ఇంటివాళ్లను తీసుకెళ్లవలసి వచ్చినప్పుడు నేను ఘంటసాల దారినే ఎంచుకున్నాను. నాగార్జునకొండ తక్కువదని కాదు. అది ఒక్క రోజులో ఇమిడే చోటు కాదు.

ఇలాంటి ప్రయాణాల్లో అందరూ ముందు ఖర్చు చూస్తారు, తర్వాత భోజనం, ఆ తర్వాత బస్సులో ఏసీ. నేను చూసేది ఒక్కటే: రాయి ముందు నిలబడటానికి ఎంతసేపు దొరుకుతుంది? శిల్పం తొలిచూపులో ఏమీ చెప్పదు. అమరావతి పలకమీదైనా, కొండమీది పలకమీదైనా బుద్ధుడి కథ ఒక మూల మొదలై ఇంకో మూలకు సాగుతుంది. ఎవరు ఎటు చూస్తున్నారో, ఖాళీ ఆసనం ఎందుకుందో, పాదముద్రలకు ఎందుకు మొక్కుతున్నారో కుదురుగా చూస్తేనే తెలుస్తుంది. ఆ కుదురు లేనప్పుడు ఎంత గొప్ప చోటైనా ఫొటోల్లో మాత్రమే మిగులుతుంది.

ఈ లెక్కన సాగర్ టూర్ చూడండి. విజయవాడ నుంచి, లాంచీలు బయలుదేరే విజయపురి సౌత్ దాదాపు 180 కిలోమీటర్లు. గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా, మధ్యలో టిఫిన్‌కు ఆగి వెళ్తే, తెల్లవారుజామున బయలుదేరిన బస్సు లాంచీ స్టేషన్ చేరేసరికి ఎండ ఎక్కుతుంది. అక్కడ టిక్కెట్లు, లైఫ్ జాకెట్లు, లాంచీ నిండేదాకా ఎదురుచూపు. ముప్పావుగంట నీటి ప్రయాణం. కొండ మీద దిగాక తిరుగు లాంచీకి వేళ చెబుతారు; ఆ వేళ మనది కాదు, లాంచీది. గంట, కాస్త అదృష్టముంటే ఇంకొంచెం. ఆ గంటలోనే మ్యూజియం, మహాచైత్యం అనే పెద్ద స్తూపం, సింహళ విహారం, స్నానఘట్టం, పిల్లల ఆకలి, అందరి దాహం. తిరిగి ఒడ్డుకు వచ్చాక బస్సు ఎత్తిపోతల జలపాతానికి పరుగెడుతుంది, ఎందుకంటే అది పట్టికలో ఉంది. చీకటి పడ్డాక గుంటూరు. రోజంతా గడిచింది, కొండమీద గడిపింది మాత్రం గంట.

ఆ తొందరలో వదిలేసేది అనుపు. నాకు దీనిమీదే ఎక్కువ బాధ. కృష్ణ కుడిగట్టునే ఉన్న అనుపులో, ఇప్పుడు జలాశయంలో మునిగిన లోయలో తవ్వకాల్లో బయటపడిన రంగస్థలాన్ని, హారీతి అనే బౌద్ధ దేవత గుడిని, విహారాలను తెచ్చి మళ్లీ నిలబెట్టారు. రంగస్థలం మెట్లమీద కూర్చుని, కింద నిలబడి మాట్లాడేవాళ్ల గొంతు వినాలి. మన దేశపు ప్రాచీన కట్టడాల్లో ఇలాంటిది అరుదు. చాలా టూర్ బస్సులు ఆ మలుపు దగ్గర ఆగకుండానే పోతాయి.

ఇంత చెప్పాక లాంచీ గొప్పతనమూ చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా గొప్పది. ఆ నీటి అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. మూడు, నాలుగు శతాబ్దాల్లో శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు ఏలిన ఊరది. 1926లో ఆ లోయలో శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ తవ్వకాల్లో మహాచైత్యం నుంచి బంగారు ధాతుపేటిక, అంటే పవిత్ర అవశేషాలు ఉంచిన పెట్టె, దొరికింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. అప్పటికే పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954లో మొదలైన తవ్వకాలు 1960 దాకా సాగాయి. నీరు రాకముందే లోయనంతా వెతికి, తీయగలిగినది తీసి, కొన్ని కట్టడాలను ఇటుక ఇటుకగా విప్పి కొండమీదా అనుపులోనూ మళ్లీ కట్టారు. మాగాణికి నీరు కావాలి, నగరం మునగాలి. ఆ రెంటి మధ్య అక్కడి పురావస్తు శాఖవారు చేసిన పని తలచుకుంటే గుండె నిండుతుంది. లాంచీ నడినీటికి వచ్చినప్పుడు గైడు చెప్పవలసింది ఇది. ఒకసారి మా లాంచీలో మైకు పట్టుకున్నాయన ఏ సినిమా పాట ఏ గట్టుమీద తీశారో మాత్రమే చెప్పాడు. నీటి కింద ఏముందో తెలియకుండానే చుట్టూ ఉన్న పిల్లలు కొండ ఎక్కారు.

అందువల్ల కొండకు రెండు రోజులు పెట్టుకోండి. మాచర్లలోనో విజయపురి సౌత్‌లోనో రాత్రి ఉండి, ఉదయం తొలి లాంచీ అందుకుని, తిరుగు ప్రయాణానికి తర్వాతి లాంచీ దొరుకుతుందేమో ముందే అడిగి పెట్టుకోవాలి. ఆ పూట కొండ, మర్నాడు ఉదయం అనుపు. అప్పుడు నేను ఏ మాటా అడ్డు చెప్పను. మన రాష్ట్రంలో దానికి సాటి వచ్చే ప్రయాణం లేదు.

ఇక తీరం దారి. విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా ఘంటసాల. అక్కడి నుంచి చల్లపల్లి, మోపిదేవి. పులిగడ్డ దగ్గర కృష్ణ వంతెన దాటితే పెనుమూడి, రేపల్లె, భట్టిప్రోలు. తెనాలి మీదుగా తిరిగి ఇంటికి. చుట్టు మొత్తం కలిపినా సాగర్‌కు ఒకవైపు దూరమంత. ఆరింటికి బయలుదేరితే ఎనిమిది గంటలకల్లా ఘంటసాల స్తూపం దగ్గర ఉంటారు. చలికాలపు ఎండ ఇటుకల మీద వాలుగా పడే వేళ అది. ఎప్పుడు కదలాలో చెప్పేవారు ఎవరూ ఉండరు.

చూడటానికి ఏముందని అడుగుతారు. పెద్ద గుండ్రటి ఇటుక దిబ్బ, లోపలి గోడల అమరిక, కొన్ని శిల్పాలు. కొండమీది మ్యూజియంతో పోలిస్తే కంటికి తక్కువే. కానీ ఆ దిబ్బ తన చోట తాను ఉంది. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన కంటకోస్సుల అనే వర్తక కేంద్రం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి శాసనాల్లో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. శాతవాహనులు తమ నాణేలపై తెరచాప ఓడ బొమ్మ ముద్రించిన కాలం అది. ఊళ్లో శివుడి పేరు జలధీశ్వరుడు. బాలపార్వతితో కలిసి ఒకే పానవట్టం మీద ఉంటాడు. కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రుతో తీరం వెనక్కి జరిగింది, ఓడల రేవు వరిపొలాల మధ్య మిగిలింది. పొలం గట్టుమీద నిలబడి తూర్పుకేసి చూస్తే, సముద్రం ఇక్కడికి ఎంత దగ్గరగా ఉండేదో ఊహించడం కష్టం కాదు.

నాగార్జునకొండనూ ఘంటసాలనూ కలిపే ఒక స్త్రీ ఉంది. పేరు బోధిసిరి, ఉపాసిక, అంటే బౌద్ధాన్ని నమ్మిన గృహస్థురాలు. కొండలోయలో చుళధమ్మగిరి మీద సింహళ థేరుల (పెద్ద భిక్షువుల) కోసం చైత్యగృహం, అంటే స్తూపం ఉన్న ప్రార్థనా మందిరం, కట్టించి శాసనం వేయించింది. ఆ థేరులు కాశ్మీరం, గాంధారం, చీనా, యవన దేశాల దాకా ధర్మం చేర్చినవారని అందులో రాయించింది. తన ఇతర దానాల జాబితాలో కంటకసోల మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతిమండపం కట్టించినట్టూ చెప్పింది. కంటకసోల అంటే మనం నిలబడిన ఈ ఘంటసాలే. నల్లమల అంచున ఉన్న రాజధానిలో దానం చేసిన మనిషి సముద్రపు రేవులోనూ దానం చేసింది. ఓడలు తెచ్చిన సొమ్ము, నది ఎగువకు వెళ్లిన వర్తకులు, వారితో నడిచిన భిక్షువులు, అంతా ఒకే దారి. పిల్లలకు ఈ ఒక్క కథ చెప్పి ఘంటసాల చూపించండి, తర్వాత ఏ ఏడాదైనా కొండకు తీసుకెళ్లండి. అప్పుడు ఆ గంట కూడా వాళ్లకు చాలుతుంది.

భట్టిప్రోలు మధ్యాహ్నం తర్వాత. 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే ఇక్కడి స్తూపంలో రాతిపేటికలు, వాటిలో స్ఫటిక ధాతుపాత్రలు కనుగొన్నాడు. పేటికల మీది అక్షరాలు ప్రాచీన బ్రాహ్మి లిపిలో ప్రత్యేకమైనవి: అశోకుడి శాసనాల్లో హల్లు రాస్తే అందులో అకారం దానంతటదే ఉంటుంది, ఇక్కడ అకారానికి కూడా విడిగా గుర్తు పెట్టారు. దక్షిణాది లిపుల చరిత్ర రాసేవారు ఈ ఊరి దగ్గర ఆగక తప్పదు. శాసనంలో కుబిరకుడనే రాజు పేరు ఉంది. ఇంత విలువైన దిబ్బ నుంచి పందొమ్మిదో శతాబ్దంలో ఇటుకను, చలువరాతిని రోడ్లకు, కాలువ పనులకు తరలించారు. మిగిలిన పునాది చుట్టూ నింపాదిగా నడవండి, మొత్తం తిరగడానికి ఎక్కువసేపు పట్టదు. రైల్లో రావాలనుకునే గుంటూరు వాళ్లకు తెనాలి–రేపల్లె లైనులో భట్టిప్రోలు స్టేషను ఉంది. అయితే రైలు నమ్ముకుంటే ఘంటసాల అందదు.

ఈ దారికి రెండు లోట్లున్నాయి. మొదటిది, చెప్పేవారు లేరు. నోరు విప్పే గైడు దొరకడు కాబట్టి ఇంటి దగ్గరే కొంత చదువుకుని వెళ్లాలి. స్తూపం, ఆయకస్తంభాలు (స్తూపానికి నాలుగు దిక్కులా నిలిపే స్తంభాలు), ప్రదక్షిణపథం అంటే ఏమిటో పిల్లలకు కాగితం మీద గీసి చూపిస్తే సరిపోతుంది. ముందుగా ఏమీ తెలుసుకోకుండా వెళ్లేవారికి ఘంటసాల ఇటుకల కుప్పగానే కనిపిస్తుంది, వారికి గైడు ఉన్న బస్సే నయం. రెండోది పడవ. దారిలో అది దానంతటది రాదు. కావాలంటే భట్టిప్రోలు మానుకుని, అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు వెళ్లాలి. ఏటిమొగ దగ్గర ఎదురుమొండి వెళ్లే పంటు ఎక్కితే కృష్ణ పాయ మీద ఊరిజనంతో, మోటార్ సైకిళ్లతో కలిసి దాటవచ్చు. సాగర్ లాంచీ వైభవం అందులో లేదు. లేదా కోడూరు మీదుగా హంసలదీవి వెళ్లి కృష్ణ సముద్రంలో కలిసే చోటు, వేణుగోపాలస్వామి గుడి చూడవచ్చు. రెండూ పెట్టుకుంటే మళ్లీ సాగర్ టూర్‌లాగే పరుగు మొదలవుతుంది. ఒకటే ఎంచుకోండి. ఇంట్లో ముసలివాళ్లుంటే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనం ఎలాగూ దారిలోనే ఉంది, వారికి అదే పెద్ద సంతోషం.

సొంత బండి లేనివారు, డ్రైవింగ్ ఇష్టం లేనివారు, ఒంటరిగా వెళ్లదలచిన పెద్దవాళ్లు టూర్ బస్సు ఎక్కడంలో తప్పేమీ లేదు. ఎక్కే ముందు రెండు ప్రశ్నలు అడగండి: కొండమీద ఎంతసేపు ఇస్తారు, అనుపు దగ్గర ఆపుతారా? జవాబు గట్టిగా రాకపోతే ఇంకొకరిని అడగండి. ఎత్తిపోతల బదులు అనుపు పెట్టమని బస్సులో అందరూ కలిసి అడిగితే ఒప్పుకునేవారూ ఉంటారు.

అమరావతి అడిగేవారికి ఒక్క మాట. అది రోజు ప్రయాణం కాదు, ఒక పూట చాలు. స్తూపం, మ్యూజియం చూసి భోజనానికి ఇంటికి రావచ్చు. అక్కడి శిల్పాల్లో పేరున్నవి చాలామటుకు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్‌లోనూ ఉన్నాయని తెలిసి వెళ్లండి. మోటుపల్లి గురించి కూడా అడుగుతున్నారు. సముద్రవ్యాపారులకు రక్షణ ఇస్తూ కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం అక్కడిది. బాపట్ల, చీరాల వైపు పని ఉన్నప్పుడు కలుపుకోండి, దానికోసమే వెళ్తే రోజంతా నిండదు.

ఏ దారైనా కార్తీకం జనం తగ్గాక, మాఘం ఎండ ముదరకముందు పెట్టుకోండి. పల్నాడులో ఫిబ్రవరి చివరికే మధ్యాహ్నం నిలవనివ్వదు. నాగార్జునకొండ, అమరావతి మ్యూజియాలకు శుక్రవారం సెలవు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోర పడవ ప్రమాదం తర్వాత పర్యాటక పడవల అనుమతులు కఠినమయ్యాయి, అది మంచికే. గాలి, వాన, నీటిమట్టం చూసి లాంచీ ఆపేస్తారు కాబట్టి బయలుదేరే ముందురోజు సాయంత్రం ఫోను చేసి నడుస్తుందో లేదో తెలుసుకోండి. నడవదంటే ఆ తెల్లవారుజామునే బండిని పామర్రు వైపు తిప్పండి.